మోడల్ మారినా టూల్ మారకూడదంటే

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ఇది. భూమి దస్తావేజులు చదివి సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, అమ్మినవారు, కొన్నవారు వంటి వివరాలను పట్టికలోకి ఎక్కించే టూల్ ఒకటి తయారుచేశారు. ఏడాదిగా ఒకే కంపెనీ ఏఐ మోడల్ మీద సాఫీగా నడుస్తోంది. ఇప్పుడొక కొత్త క్లయింట్ తమ కాగితాలు గడప దాటకూడదని, తమ సర్వర్‌లోనే నడిచే ఓపెన్ మోడల్ కావాలని పట్టుబట్టారు. చిరునామా, కీ మార్చి నడిపితే సగం పత్రాలకు తప్పు వివరాలు వచ్చాయి. ప్రాంప్టు (మోడల్‌కు ఇచ్చే సూచన) తిరగరాయాలా, వేర్వేరు మోడళ్లను కలిపే లాంగ్‌చైన్ వంటి లైబ్రరీకి మారాలా, ఎంసీపీ (టూల్స్‌ను అందజేసే ఒక ప్రమాణం) పెడితే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

మూడూ చేయవచ్చు. మూడూ చేశాక కూడా ఆ సగం పత్రాలు తప్పుగానే రావచ్చు. ఇవన్నీ తీగలు కలిపే పనులు. మీ దగ్గర తెగింది తీగ కాదు. ఏ పని మోడల్‌ది, ఏ పని మీ కోడ్‌ది అన్న హద్దు మీరు గీయలేదు. పాత మోడల్ తెలివైనది కాబట్టి ఆ లోటు ఏడాదిపాటు బయటపడలేదు, అంతే. దస్తావేజులతో పనిచేసేవారికి హద్దురాయి విలువ నేను చెప్పనక్కర్లేదు.

ఇది ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు. ఇలాంటి టూల్‌నే ఒక మోడల్ నుంచి మరో మోడల్‌కు మార్చబోయి నేను పడిన గుంట అక్షరాలా గుంటే. తెలంగాణ ప్రాంతపు పాత దస్తావేజులో విస్తీర్ణం "ఎ. 2-20 గుం." అని ఉంది. మా స్కీమాలో, అంటే ఏ గడిలో ఏమి నింపాలో చెప్పే నమూనాలో, విస్తీర్ణానికి ఒకే గడి: ఎకరాల్లో, దశాంశ సంఖ్య. మొదటి మోడల్ 2.5 అని ఇచ్చేది. ఎకరానికి 40 గుంటలు, 20 గుంటలంటే అర ఎకరం అని లోపల తనే లెక్క కట్టుకునేది. మేము అడగలేదు, అది చెప్పలేదు. రెండో మోడల్ 2.20 అని రాసింది. జేసాన్ (గడులు, విలువలుగా జవాబు రాసే రూపం) సక్రమంగా ఉంది, సంఖ్య సంఖ్యలాగే ఉంది, ఎక్కడా ఎర్రర్ లేదు. ఆంధ్ర దస్తావేజులో 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు కాబట్టి చూసేవారికీ అనుమానం రాలేదు. కాగితాలు సరిచూసే గుమాస్తాగారు ఒకాయన పట్టుకునేసరికి పట్టికలో చాలా వరుసలు అలాగే నిండిపోయాయి. ఈ ఒక్క పత్రంలోనే తేడా 12 గుంటలు, అంటే 1452 చదరపు గజాలు. ఆ కొలతలో ఒక చిన్న లేఅవుటే వేయవచ్చు.

అప్పుడు నేను మొదట చేసిన పని మీరు చేయాలనుకుంటున్నదే: ప్రాంప్టులో "గుంటలను ఎకరాలుగా మార్చి రాయి" అని పెద్దగా రాశాను. కొన్ని పత్రాలు బాగుపడ్డాయి. కొన్నింటిలో అది సెంట్లను కూడా నలభైతో భాగించడం మొదలుపెట్టింది. మళ్లీ ఇంకో వాక్యం చేర్చాను. ఆ వాక్యం మొదటి మోడల్‌ను తికమక పెట్టింది. ఇలా వారం గడిచాక తెలిసొచ్చింది, తప్పు ప్రాంప్టులో లేదు, గడిలో ఉంది. ఒక గడి స్థానంలో నాలుగు పెట్టాం: కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా, ఎకరాల అంకె, మిగులు అంకె, ఆ మిగులు గుంటలా సెంట్లా. మార్పిడి లెక్క మా కోడ్‌లో నాలుగు పంక్తులు. ఆ తర్వాత అందులో పెట్టి చూసిన ప్రతి మోడల్, చిన్నదైనా పెద్దదైనా, ఈ గడుల్లో దాదాపు ఒకే జవాబు ఇచ్చింది. కాగితం మీద ఉన్నది చూసి చెప్పడం అన్నింటికీ వచ్చు. చెప్పని లెక్కను ఊహించుకుని చేయడమే ఒక్కోదానికి ఒక్కోలా వస్తుంది.

కాబట్టి మీ స్కీమాను ముందు పెట్టుకుని ప్రతి గడి దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని నింపడానికి మోడల్ ఏదైనా నిర్ణయం తీసుకోవాలా? తీసుకోవాలంటే ఆ నిర్ణయాన్ని బయటికి లాగి కోడ్‌లో పెట్టండి, లేదా నిర్ణయాన్నే ఒక గడిగా అడగండి. లెక్కలు, తేదీల మార్పిడి, గ్రామం పేరు నుంచి మండలం కనుక్కోవడం, ఇద్దరు ఒకరేనా అని తేల్చడం, ఇవేవీ మోడల్‌కు వదలకండి. కొత్త మోడల్‌కు మారేటప్పుడు దెబ్బ తినేవి ఎప్పుడూ ఇవే.

సర్వే నంబర్ల విషయం వేరుగా చెప్పాలి, మీకొచ్చిన తప్పుల్లో ఇవి తప్పకుండా ఉంటాయని నా అనుమానం. తెలంగాణలో ఉపవిభాగాలకు 45/అ, 45/ఆ, 45/ఇ అని తెలుగు అక్షరాలుంటాయి. కొన్ని మోడళ్లు వీటిని ఇంగ్లిష్ అక్షరాల్లోకి దించేస్తాయి. అప్పుడు అ, ఆ రెండూ ఒకే 'ఎ' అవుతాయి, ఇద్దరు అన్నదమ్ముల వాటాలు ఒకరి పేరు మీదికి పోతాయి. దీనికి ప్రాంప్టులో "తెలుగులోనే రాయి" అని ఒక మాట చేరిస్తే కొంత మేలు. అసలు మందు మాత్రం వేరు: మోడల్ ఇచ్చిన సర్వే నంబరు ఆ పేజీ పాఠంలో నిజంగా ఉందా అని మీ కోడ్ వెతకాలి. లేకపోతే తిప్పికొట్టాలి. ఏ మోడల్ అయినా, ఏ కంపెనీది అయినా ఈ తనిఖీ ఒకేలా పనిచేస్తుంది.

అయితే ఈ వెతుకులాటలోనూ తెలుగు ఒక తమాషా చేస్తుంది. "హైదరాబాద్" అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగా ఒకసారి, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగా ఇంకోసారి. తెర మీద రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు మాటలు. స్కాన్ నుంచి వచ్చిన పాఠం ఒక రకంగా, మోడల్ రాసింది ఇంకో రకంగా ఉంటే మీ తనిఖీ సరైన జవాబును కూడా తిప్పికొడుతుంది. పోల్చే ముందు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపంలోకి తేవాలి. అది చేశాక కూడా "రిజిస్ట్రేషన్‌లో" వంటి మాటల్లో పొల్లు తర్వాత కనపడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ మిగిలే ఉంటుంది. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తీయదు. కొన్ని మోడళ్లు దాన్ని అలాగే ఉంచుతాయి, కొన్ని మింగేస్తాయి. పోలిక కోసం మాత్రమే దాన్ని రెండు వైపులా తీసేయండి. భద్రపరిచే పాఠంలో మాత్రం ఉండనివ్వండి, లేకపోతే తెర మీద అక్షరాలు వికారంగా అతుక్కుంటాయి.

హద్దుల పేరాను మోడల్ చేత మళ్లీ రాయించుకుంటున్నారా? దాన్ని మానేయండి. పొడవైన తెలుగు పాఠాన్ని అక్షరం తేడా లేకుండా తిరిగి రాయడం చిన్న మోడళ్లకు చాలా కష్టం. పాఠానికి మీరే పంక్తి నంబర్లు వేసి పంపండి, "తూర్పు హద్దు ఏ పంక్తుల్లో ఉంది" అని అడగండి. అది 14, 15 అంటుంది. పాఠాన్ని మీ దగ్గరున్న మూలం నుంచి మీరే తీసుకోండి. వేలు పెట్టి చూపించమంటే ఎవరైనా చూపిస్తారు; ఎత్తిరాయమంటేనే అక్షరాలు జారతాయి. పైగా బయటికి వచ్చే టోకెన్లు (మోడల్ పాఠాన్ని కోసుకునే చిన్న ముక్కలు) తగ్గి ఖర్చు కూడా తగ్గుతుంది.

ఇక తీగల సంగతి. ఇది విసుగు పుట్టించే పనే కానీ కష్టమైనది కాదు. మన కోడ్‌లోని పనులను (వీటినే టూల్స్ అంటారు) మోడల్ పిలిచే ఫంక్షన్ కాలింగ్‌ను ఓపెన్ఏఐ 2023 జూన్‌లో తెచ్చింది. తర్వాత అందరూ అదే ఆలోచనను తీసుకున్నారు కానీ ఎవరి గిన్నెలో వారు వండుకున్నారు. ఓపెన్ఏఐ చాట్ ఏపీఐలో (కోడ్ నుంచి మోడల్‌ను పిలిచే ద్వారంలో) టూల్‌కు ఇచ్చే వివరాలు జేసాన్‌ను మూటగట్టిన స్ట్రింగ్‌గా వస్తాయి, విప్పుకోవాల్సింది మీరు. ఆంత్రోపిక్‌లో, గూగుల్ జెమినీలో నేరుగా ఆబ్జెక్టుగా వస్తాయి. సంభాషణ మొత్తానికి వర్తించే సిస్టమ్ సూచన ఓపెన్ఏఐ చాట్ ఏపీఐలో సందేశాల వరుసలోనే ఉంటుంది, మిగతా రెండింటిలో వరుస బయట విడిగా. జెమినీలో మోడల్ పాత్ర పేరు 'అసిస్టెంట్' కాదు, 'మోడల్'. టూల్ ఫలితాన్ని ఓపెన్ఏఐకి ఒక్కో పిలుపుకు ఒక్కో సందేశంగా పంపాలి. ఆంత్రోపిక్‌లో అది యూజర్ సందేశంలో భాగం, ఒకేసారి మూడు టూల్స్‌ను పిలిస్తే మూడు ఫలితాలూ వెంటనే వెళ్లే ఆ ఒక్క సందేశంలో ఉండాలి. ఆంత్రోపిక్‌లో గరిష్ఠ టోకెన్ల సంఖ్య చెప్పకపోతే అభ్యర్థననే తీసుకోదు. జవాబు ఎంత మారుతూ రావచ్చో చెప్పే టెంపరేచర్ ఒకచోట 0 నుంచి 1 వరకు, మరోచోట 0 నుంచి 2 వరకు. ముందు ఆలోచించి తర్వాత జవాబిచ్చే కొన్ని రీజనింగ్ మోడళ్లు ఆ మీటను అసలు ముట్టుకోనివ్వవు.

వీటన్నింటికీ మందు ఒకటే. మీ కోడ్ అంతా మీ సొంత రూపంలో మాట్లాడాలి: సందేశం, టూల్ పిలుపు, టూల్ ఫలితం, ఆగిన కారణం. ఒక్కో కంపెనీకి ఒక్కో ఫైలు, అందులో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు అనువాదం. ఆ ఫైలు దాటి వారి పదం ఒక్కటి కూడా మీ మిగతా కోడ్‌లోకి రాకూడదు. అద్దె ఇంట్లో మేకులు కొట్టుకోవచ్చు కానీ గోడ చెక్కించి బీరువా కట్టించుకోకూడదు కదా, అలాంటిదే. నేను రాసినవాటిలో ఒక్కో అనువాద ఫైలు మూడు వందల పంక్తులు దాటలేదు.

ఇందులో ఎక్కువమంది వదిలేసేది ఆగిన కారణం. మాట పూర్తయి ఆగిందా, టోకెన్ల పరిమితి తగిలి ఆగిందా, టూల్ పిలవడానికి ఆగిందా, భద్రతా వడపోత ఆపిందా అన్నది ప్రతి ఏపీఐ చెబుతుంది, ప్రతిదీ వేరే పేరుతో. జెమినీలో అయితే టూల్ పిలిచినప్పుడు కూడా మామూలుగా ఆగిన కారణమే కనిపిస్తుంది. టూల్ పిలుపు ఉందా లేదా అని సందేశం లోపల చూసుకోవాలి. పరిమితి తగిలి మధ్యలో తెగిన జేసాన్‌ను ఏదో ఒక లైబ్రరీ చివర కుండలీకరణం అతికించి "బాగుచేసి" ఇస్తే, చివరి ఇద్దరు వారసుల పేర్లు లేని పట్టిక మీ చేతికి వస్తుంది. అలాంటి దయగల లైబ్రరీలకు దూరంగా ఉండండి.

టూల్స్ పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు తప్ప మరేమీ పెట్టకండి, 64 అక్షరాలు దాటనివ్వకండి. తెలుగు పేర్లు పెట్టాలని నాకూ ముచ్చటే కానీ ఆ ముచ్చట వర్ణనలో తీర్చుకోవచ్చు. స్కీమాలో లోతైన గూళ్లు, "ఇదైనా కావచ్చు, అదైనా కావచ్చు" అనే మెలికలు తగ్గించండి. జవాబు ఇచ్చిన స్కీమా ఆకారంలోనే వచ్చేలా చూసే ఓపెన్ఏఐ కచ్చిత రూపం 2024 ఆగస్టులో వచ్చింది. అందులో అన్ని గడులూ తప్పనిసరి అని రాయాలి, అదనపు గడులు వద్దని చెప్పాలి. జెమినీ ఫంక్షన్ వర్ణనలు ఓపెన్ఏపీఐ (ఓపెన్ఏఐ కాదు, ఏపీఐలను వర్ణించే వేరే ప్రమాణం) స్కీమాలో ఒక భాగాన్ని ఆధారం చేసుకున్నవి. అందరికీ మింగుడుపడేది చదునైన స్కీమా. లేని విలువకు గడిని వదిలేయమనకుండా, ఖాళీ అని స్పష్టంగా రాయమని అడగండి. ఒకటి గుర్తుంచుకోండి: కచ్చిత రూపం ఆకారానికే హామీ. 2.20 కూడా దోషం లేని ఆకారమే.

ఇంత చెబితే "అయితే అందరికీ ఉన్న కనీస సౌకర్యాలతోనే సరిపెట్టుకోవాలా" అని మీకు అనిపించవచ్చు. అక్కర్లేదు. ప్రతి అనువాద ఫైలు తన మోడల్‌కు ఏమేమి వచ్చో ఒక చిన్న పట్టికలో ప్రకటించాలి: కచ్చిత స్కీమా ఉందా, చిత్రాలు చూడగలదా, ఒకేసారి అనేక టూల్స్ పిలవగలదా, ఒకేసారి చదవగల పాఠం (సందర్భం) ఎంత పొడవు. ఉన్నచోట వాడుకోండి. లేనిచోట మీ కోడ్ ఆ పని చేయాలి: వచ్చిన జవాబును తనిఖీ చేయడం, తప్పుంటే తప్పేమిటో మాటల్లో చెప్పి మళ్లీ అడగడం, రెండుసార్లతో ఆపి మనిషికి పంపడం. ఆ "తప్పేమిటో మాటల్లో" అన్నది ముఖ్యం. టూల్ నుంచి వెళ్లే ఎర్రర్ సందేశం కూడా ప్రాంప్టే. "500" అని ఉత్త ఎర్రర్ కోడ్ పంపితే పెద్ద మోడల్ ఎలాగో తంటాలు పడుతుంది, చిన్నది అదే పిలుపును పది సార్లు చేస్తుంది. "ఈ సర్వే నంబరు ఈ గ్రామంలో లేదు, గ్రామం పేరు మరోసారి చూడండి" అని పంపితే రెండూ దారిలోకి వస్తాయి.

టోకెన్ల విషయంలో తెలుగువాళ్లం మిగతావారి కంటే ఎక్కువ జాగ్రత్తపడాలి. జీపీటీ 4ఓ విడుదల చేసినప్పుడు, అంటే 2024 మేలో, ఓపెన్ఏఐ ఒక పట్టిక ఇచ్చింది: పాత టోకెనైజర్‌తో (పాఠాన్ని టోకెన్లుగా కోసే భాగంతో) 159 టోకెన్లు పట్టిన ఒక తెలుగు పాఠం కొత్తదానితో 45కు తగ్గింది. ఒకే కంపెనీ, ఒకే పాఠం, మూడున్నర రెట్లు తేడా. ఇక వేర్వేరు కంపెనీల మధ్య సంగతి చెప్పాలా? "పత్రాన్ని 2000 టోకెన్ల ముక్కలుగా కోయి" అని మీ కోడ్‌లో ఉంటే, ఒక మోడల్‌కు అది నాలుగు పేజీలు కావచ్చు, మరో మోడల్‌కు ఒక పేజీ. ముక్కలను టోకెన్లతో కొలవకండి. పేరాలతోనో షెడ్యూళ్లతోనో కోయండి. టోకెన్లు ఎన్ని అన్న లెక్క అనువాద ఫైలును అడగండి.

ఇందులోనే ఇంకో చిన్న దొంగ ఉన్నాడు. పైథాన్‌లో జేసాన్‌గా మార్చే ప్రామాణిక ఫంక్షన్, మీరు వద్దని చెప్పకపోతే, ప్రతి తెలుగు గుర్తునూ బ్యాక్‌స్లాష్, యూ, నాలుగు అంకెల కోడ్‌గా మార్చేస్తుంది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు గుర్తులు. అది 36 ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి అయి మోడల్‌కు చేరుతుంది. పెద్ద మోడళ్లు దాన్నీ చదివేస్తాయి, బిల్లు మాత్రం మీకు వేస్తాయి. చిన్న మోడళ్లు అక్కడే తడబడతాయి. టూల్ ఫలితాలను మోడల్‌కు పంపే చోట ఆ మార్పిడిని ఆపారో లేదో ముందు చూడండి. నిజం చెప్పాలంటే, మీరు రాసిన లక్షణాలను బట్టి నేను మొట్టమొదట చూసేది ఇదే. అలాగే జవాబు ముక్కముక్కలుగా వస్తున్నప్పుడు ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు ఉంటాయని మరవకండి. ముక్క సరిగ్గా ఆ మూడింటి మధ్య తెగితే తెర మీద ప్రశ్నార్థకం పొదిగిన నల్ల వజ్రాలు కనిపిస్తాయి. బైట్లను పోగుచేసి, పూర్తయిన గుర్తులనే పాఠంగా మార్చాలి.

క్లయింట్ సర్వర్‌లో నడిచే మోడల్ గురించి. ఓపెన్ మోడళ్లను నడిపే లామా సీపీపీ, ఓలామా, వీఎల్ఎల్ఎం మూడూ ఓపెన్ఏఐ రూపంలోని ఏపీఐనే అందిస్తాయి కాబట్టి చిరునామా మారిస్తే చాలు అనిపిస్తుంది. మీరూ అదే చేశారు. కలిసింది ద్వారం ఒక్కటే, లోపలి ఇల్లు వేరు. ప్రతి ఓపెన్ మోడల్‌కూ తనదైన చాట్ టెంప్లేట్ ఉంటుంది. మీ సందేశాల వరుస ఆ టెంప్లేట్ గుండా పోయి ఒకే పాఠంగా మారాకే మోడల్‌కు అందుతుంది. గూగుల్ జెమ్మా 2కు సిస్టమ్ పాత్ర అన్నదే లేదు. ఆ సూచనలను మొదటి యూజర్ సందేశంలో కలపాలి. వీఎల్ఎల్ఎంలో టూల్ పిలుపులను పాఠంలోంచి వేరుచేసే పార్సర్ ఏదో సర్వర్ మొదలుపెట్టేటప్పుడే మోడల్‌కు తగినట్టు చెప్పాలి, లేకపోతే టూల్ పిలుపు మామూలు మాటల్లో కలిసి వస్తుంది. ఓలామాలో సందర్భం పొడవు చాలాకాలం 2048 టోకెన్లే ఉండేది, మీరు పెంచకపోతే. తెలుగు దస్తావేజు ఆ పొడవు దాటగానే పాఠంలో కొంత భాగం చప్పుడు లేకుండా రాలిపోతే, మోడల్ మిగిలిన దాన్ని బట్టి నమ్మకంగా జవాబు చెబుతుంది. టెంప్లేట్ గుండా పోయాక తయారైన తుది పాఠాన్ని ఒక్కసారి ముద్రించి కళ్లతో చదవండి. పది నిమిషాల పని. మోడల్‌కు తెలివి లేదని తిట్టుకునే ముందు దానికి ఏమి అందిందో చూడటం న్యాయం.

లాంగ్‌చైన్, లైట్ఎల్ఎల్ఎం వంటివి చెడ్డవి కావు. అనువాద ఫైళ్లను మీరే రాసే బదులు వాటితో రాయించుకోవచ్చు. వాటిని కూడా ఆ ఫైలు గోడల మధ్యే ఉంచండి, అంతే. మీ టూల్ నిండా వారి క్లాసుల పేర్లు పరుచుకుంటే ఒక కంపెనీ మీద ఆధారపడటం పోయి ఒక లైబ్రరీ మీద ఆధారపడటం వస్తుంది. లైబ్రరీలు మోడళ్ల కంటే వేగంగా మారతాయి.

ఎంసీపీ వేరే సంగతి. ఆంత్రోపిక్ 2024 నవంబరులో బయటపెట్టిన ఈ ప్రమాణాన్ని 2025లో ఓపెన్ఏఐ, గూగుల్ కూడా స్వీకరించాయి. జేసాన్ ఆర్‌పీసీ 2.0 అనే సందేశ పద్ధతి మీద నడుస్తుంది. ఎడిటర్లకు, ప్రోగ్రామింగ్ భాషలకు మధ్య మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ఏ పని చేసిందో, టూల్స్‌కు, వాటిని వాడే అప్లికేషన్లకు మధ్య ఇది ఆ పని చేస్తుంది. మీ "సర్వే నంబరు వెతుకు" టూల్‌ను వేరేవారి అప్లికేషన్లు కూడా వాడుకోవాలంటే ఎంసీపీ సర్వర్‌గా రాయండి, చాలా మంచిది. కానీ అది టూల్‌ను అందజేస్తుంది తప్ప, అందుకున్న మోడల్ దాన్ని సరిగ్గా వాడుతుందన్న హామీ ఇవ్వదు. గుంటలు, సెంట్లు కలిపేసిన గడి ఎంసీపీలోనూ కలిపేసిన గడే. రాసేటప్పుడు ఒక జాగ్రత్త: సొంత కంప్యూటర్‌లో నడిచే ఎంసీపీ సర్వర్ సాధారణంగా స్టాండర్డ్ అవుట్‌పుట్ మీదే మాట్లాడుతుంది. అక్కడ మీరు మరిచిపోయిన ఒక్క ప్రింట్ వాక్యం ఉన్నా సంభాషణ చెడుతుంది. నేను సగం రోజు పోగొట్టుకున్నది "ఇక్కడిదాకా వచ్చింది" అని నేనే రాసుకున్న ప్రింట్ వల్ల. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపండి.

సంభాషణ చరిత్రను నిల్వ చేస్తున్నారా? మీ సొంత రూపంలో చేయండి, పక్కనే ఆ కంపెనీ పంపిన ముడి సమాధానాన్ని కూడా ఉంచండి. రీజనింగ్ మోడళ్లు తమ ఆలోచన భాగాన్ని సంతకంతోనో, గుప్తంగానో పంపి, టూల్ ఫలితంతో పాటు దాన్ని మార్చకుండా తిరిగి ఇమ్మంటాయి. అదే కంపెనీతో కొనసాగేటప్పుడు ఆ ముడి భాగం పంపాలి. మధ్యలో మోడల్ మారితే దాన్ని వదిలేసి సొంత రూపంలోని చరిత్ర మాత్రమే పంపాలి. వెక్టర్లు (అర్థం ప్రకారం పోల్చడానికి పాఠాన్ని మార్చిన అంకెల వరుసలు, వీటినే ఎంబెడింగ్‌లు అంటారు) కూడా ఇంతే: ఒక మోడల్ తయారుచేసిన ఎంబెడింగ్‌లు మరో మోడల్‌కు అక్కరకు రావు. మూలపాఠం దాచుకుని మళ్లీ తయారుచేసుకోవడమే దారి.

ప్రాంప్టు గురించి ఇప్పుడు చెబుతాను, మీరు ముందు అడిగినా. పని వర్ణన అందరికీ ఒకటే ఉంచండి. ఒక్కో మోడల్‌కు కావాలంటే నాలుగైదు పంక్తుల అనుబంధం విడిగా పెట్టండి. ఆ అనుబంధం పెరుగుతూ పోతోందంటే స్కీమాలో ఎక్కడో చిల్లు ఉందని అర్థం. వెనక్కి వెళ్లి గడి బాగుచేయండి. ఒక మోడల్ కోసం పేర్చిన "దశలవారీగా ఆలోచించు", "దయచేసి, ఇది చాలా ముఖ్యం" వంటి మంత్రాలను కొత్త మోడల్‌కు మోసుకెళ్లకండి. తీసేసి చూడండి, చాలాసార్లు ఏమీ కాదు.

ఇవన్నీ సరిగ్గా జరిగాయో లేదో తెలిసేది పరీక్షపత్రాలతోనే. అందరూ చివరికి వాయిదా వేసేది ఇదే, నేనూ వేశాను. మనిషి చదివి సరిచూసిన వంద దస్తావేజులు తీసుకోండి, తేలికైనవి కాదు: గుంటలున్నవి, సెంట్లున్నవి, అ-ఆ ఉపవిభాగాలు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ద్వారా అమ్మినవి, ఒకే ఇంటిపేరుతో ఎనిమిది మంది ఉన్నవి, వెలిసిపోయిన స్కాన్లు. గడివారీగా మార్కులు వేయండి. మొత్తం శాతం చూసి మురిసిపోకండి. హద్దుల్లో ఒక మాట అటూ ఇటూ అయితే ఫరవాలేదు, సర్వే నంబరులో ఒక అక్షరం కూడా పోకూడదు. రెండు మోడళ్లనూ ఇవే పత్రాల మీద నడిపితే, మీకొచ్చిన తప్పులు నాలుగైదు రకాలుగా విడిపోతాయి. నా అంచనా అడిగితే, వాటిలో రెండు రకాలు మాత్రమే నిజంగా మోడల్ బలహీనతవి.

ఈ శ్రమ ఈ ఒక్క క్లయింట్ కోసమే అనుకోకండి. పాత మోడల్ కూడా ఎల్లకాలం ఉండదు. ఓపెన్ఏఐ తన కోడెక్స్ మోడళ్లను 2023 మార్చిలో కొద్ది రోజుల ముందస్తు కబురుతో నిలిపేస్తానంది. ఎందరో వాడిన టెక్స్ట్ డావిన్సీ 003 2024 జనవరి 4న ఆగిపోయింది. పట్టికలో ప్రతి వరుస పక్కన దాన్ని ఏ మోడల్, ఏ కూర్పు, ఏ ప్రాంప్టు తయారుచేసిందో రాసి ఉంచండి. నా 2.20 వరుసలను ఏరడానికి నాలుగు రోజులు పట్టింది, ఆ ఒక్క నిలువు వరుస లేకపోవడం వల్ల.

రేపు క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు రెండు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి: సర్వర్‌లో పెట్టే మోడల్ కచ్చితమైన కూర్పు ఏది, క్వాంటైజ్ చేసినదైతే (అంకెల కచ్చితత్వం తగ్గించి కుదించినదైతే) ఎన్ని బిట్లకు; దాన్ని మార్చే అధికారం ఎవరిది, మార్చే ముందు మీ వంద పత్రాలు నడపనిస్తారా. వారి దస్తావేజులు గడప దాటకూడదన్నారు కాబట్టి ఆ వంద పత్రాలూ వారి దగ్గరే, వారి సిబ్బంది చేతే సరిచూయించాల్సి వస్తుంది. దానికి పట్టే సమయాన్ని కొటేషన్‌లో ఇప్పుడే చేర్చండి.